పాత స్పోర్ట్స్ కారుకి ఎయిర్ డ్యామ్ పెట్టేటప్పుడు ముందు పెయింటా, ముందు ఫిట్టింగా?

మీ పాత జపాన్ స్పోర్ట్స్ కారు డాట్సన్ 240జెడ్‌కి ఫైబర్‌గ్లాస్ ఎయిర్ డ్యామ్ (ముందు బంపర్ కింద గాలిని అడ్డుకునే పలక), కొత్తగా తయారైన క్రోమ్ బంపర్ కొన్నారు. పెయింట్ వేయించి బిగించాలా, బిగించి చూశాక పెయింట్ వేయించాలా అని అడిగారు. బిగించి చూడకుండా పెయింటర్ దగ్గరికి తీసుకెళ్లకండి, జవాబు అంతే. కానీ మీరు అడగని సంగతి ఇంకోటుంది, నా దృష్టిలో అదే అసలైనది. ఎయిర్ డ్యామ్‌లు పాడయ్యేది పెయింట్ వల్ల కాదు. కింద ఏ ఆసరా లేకుండా పై బోల్టులకే వేలాడదీయడం వల్ల.

ఒకసారి లెక్క చూడండి. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 1,200 న్యూటన్లు. ఒకటిన్నర మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న డ్యామ్ మీద అది దాదాపు 27 కిలోల తోపు. 100 కిలోమీటర్ల దగ్గర 11 కిలోలు. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. ఈ తోపు కింది అంచుని వెనక్కి నెడుతుంది, పై అంచుని బోల్టులు కదలనివ్వవు. దాంతో ప్రతి బోల్టు దగ్గరా ఫైబర్‌గ్లాస్ వంగుతూ, మళ్లీ వెనక్కి వస్తూ ఉంటుంది. రేకు అయితే ఓర్చుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ ఓర్చుకోదు.

అలా పాడైన ఒక 240జెడ్ డ్యామ్‌ని విప్పి చూస్తే సంగతంతా అక్కడే కనిపించింది. ఎడమ చివరి బోల్టు చుట్టూ జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ పైనుండే నున్నటి పొర) మీద సాలెగూడులాగా సన్నని పగుళ్లు. బయటికి కనిపించేది అంతే. వెనక్కి తిప్పితే, బోల్టు తలకంటే కాస్తే పెద్దదైన మామూలు వాషర్ ఫైబర్‌లోకి మిల్లీమీటరు లోతు దిగిపోయి ఉంది. దాని చుట్టూ రెసిన్, అంటే ఫైబర్ పొరల్ని పట్టి ఉంచే జిగురు, తెల్లబడింది, అంటే లోపలి పొరలు విడిపోయాయన్నమాట. గుండ్రంగా వేసిన రంధ్రం కోలగా సాగింది. డ్యామ్ గలగలమంటోందని ఆ బోల్టుని ఎవరో మళ్లీ మళ్లీ బిగించారు, బిగించిన ప్రతిసారీ ఫైబర్ ఇంకాస్త నలిగింది. కింది అంచుని వెనకనుంచి ఫ్రేముకి పట్టి ఉంచే స్టే రాడ్ ఒక్కటి కూడా లేదు. పెయింట్ మాత్రం అద్దంలా ఉంది!

కాబట్టి బోల్టుల సంగతి ముందు చూసుకోండి. ఎం6 స్టెయిన్‌లెస్ బోల్టులు, వెనక కనీసం 25 మిల్లీమీటర్ల వెడల్పాటి వాషర్లు, అదురుకి వదులవ్వని నైలాక్ నట్లు వాడండి. డ్యామ్‌కీ రేకుకీ మధ్య పల్చటి రబ్బరు వాషర్ పెట్టండి. ఫైబర్‌లో రంధ్రం 6 కాదు, 8 మిల్లీమీటర్లు వేయండి. ఎండకి, ఇంజిన్ వేడికి రేకూ ఫైబరూ ఒకేలా సాగవు, ఆ కదలికకి చోటుండాలి. అంచు నుంచి రంధ్రం మధ్యకి కనీసం 20 మిల్లీమీటర్లు వదలండి. బిగువు 3 నుంచి 4 న్యూటన్ మీటర్లు చాలు. ఎం6 బోల్టు ఇనుములో 10 దాకా తట్టుకుంటుంది కదా అని అంత బిగిస్తే నలిగేది ఫైబరే. రంధ్రం వేసే చోట మాస్కింగ్ టేప్ అంటించి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి, స్టెప్ డ్రిల్‌తో పెద్దది చేస్తే జెల్‌కోట్ పెచ్చులు ఊడదు.

తర్వాత స్టే రాడ్లు. కనీసం రెండు కావాలి, ఒక్కోటి ఒక్కో చివర నుంచి వెడల్పులో పావు వంతు లోపలికి. రెండు చివర్లా రాడ్ ఎండ్స్ (మరతో తిప్పే కీళ్లు) ఉన్నవైతే పొడవు సరిచేసుకోవచ్చు. పై కొనని గట్టి ఫ్రేముకి కట్టండి, రేడియేటర్ కింది పల్చటి రేకుకి కాదు. డ్యామ్ వైపు కొన పడే చోట లోపలినుంచి మూడు పొరల మ్యాట్ (గాజు నార గుడ్డ) రెసిన్‌తో అదనంగా అతికించి, దాని మీద 2 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక పెట్టండి. ఇదంతా పెయింట్‌కి ముందే జరగాలి. మ్యాట్ అతికించిన చోట రెసిన్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోయి బయటి ముఖం మీద అచ్చు తేలుతుంది. పెయింట్ అయ్యాక అది తేలితే మళ్లీ మొదటికే.

ఇక ఫిట్టింగ్. 'డైరెక్ట్ ఫిట్' అని రాసి అమ్మేవాళ్ల మీద నాకు చాలా కోపం ఉంది. యాభై ఏళ్ల కారు ముందు భాగం రెండు వైపులా ఒకేలా ఉండటం అరుదు. 240జెడ్ ముందు ఫెండర్లు (చక్రాల పైనుండే రేకులు) బోల్టులతో ఉండేవే, ఎన్నిసార్లు విప్పి పెట్టారో ఎవరికి తెలుసు? ఈ మాట చెప్పకుండా, ఒక్క డ్రాయింగ్ ఇవ్వకుండా, సంచిలో నాలుగు నాసి స్క్రూలు పడేసి పంపుతారు. అందుకే కొలతలు ఫెండర్ల నుంచి తీయకండి. కింద సస్పెన్షన్ మౌంటింగ్ పాయింట్ల నుంచి దారానికి కట్టిన తూకం గుండు వదిలి నేల మీద గుర్తులు పెట్టి, వాటికి సరిగ్గా మధ్యలో గీత గీసి అక్కడి నుంచి కొలవండి. కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలి, జాకీ మీద కాదు.

ముందు బంపర్‌ని వదులుగా పెట్టండి, డ్యామ్ పై అంచు దాన్ని బట్టే కూర్చుంటుంది. కొత్తగా తయారైన క్రోమ్ బంపర్ల రంధ్రాలు చాలాసార్లు 2-3 మిల్లీమీటర్లు తప్పుతాయి. ఆకురాయి బ్రాకెట్ మీద పెట్టండి గానీ బంపర్ మీద పెట్టకండి. క్రోమ్ అంచు ఒకసారి కోస్తే అక్కడి నుంచే లేస్తుంది. మిగతా తేడాని వాషర్ షిమ్‌లతో (సందు నింపే పల్చటి బిళ్లలతో) సర్దండి. బంపర్ వెనక వైపు పూత నామమాత్రంగానే ఉంటుంది కాబట్టి బిగించే ముందే ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, పైన మైనం పట్టించండి. ఇంకో మాట, బ్రాకెట్లు కొనేటప్పుడు మోడల్ సంవత్సరం చూసుకోండి. అమెరికాలో 1973 మోడల్ నుంచి ముందు బంపర్ గంటకి 5 మైళ్ల దెబ్బ తట్టుకోవాలన్న నిబంధన వచ్చింది, అక్కడి నుంచి బంపర్లు, వాటి మౌంటింగ్‌లు మారిపోయాయి. అదే నిబంధనల దెబ్బకి 1974 చివర్లో బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి నల్ల రబ్బరు బంపర్లు వచ్చాయి, కారు ఎత్తు కూడా సుమారు ఒకటిన్నర అంగుళం పెరిగింది. ఎంజీబీని మళ్లీ క్రోమ్‌కి మార్చాలనుకునేవాళ్లు బంపర్ ఒక్కటే కొని ఇరుక్కుపోతారు. ముందు ఇండికేటర్లు ఆ రబ్బరు బంపర్‌లోనే ఉంటాయి, అది తీస్తే వాటికి వేరే చోటు చూపించాలి. ఎత్తు తగ్గించడం ఇంకో పని.

డ్యామ్‌ని మధ్యనుంచి మొదలుపెట్టి క్లాంపులతో పట్టించి, చివర్లకి రండి. ఫెండర్ దగ్గర సందు 4-5 మిల్లీమీటర్లు రావాలి. ఒక వైపు ఎక్కువ మిగిలితే అక్కడ లప్పం పెట్టి కప్పేయకండి, అంచుకి రెసిన్‌తో మ్యాట్ పొర కలిపి, అరగదీసి సరిచేయండి. మందంగా పెట్టిన లప్పం అంచు మొదటి చలికాలానికే బీటేస్తుంది. తర్వాత స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, స్ప్రింగ్ తీసేసో, సస్పెన్షన్‌ని జాకీతో పైకి నొక్కో టైరుకీ డ్యామ్ చివరకీ మధ్య 20 మిల్లీమీటర్లు ఉన్నాయో లేదో చూడండి. నిలబెట్టిన కారులో తగలని టైరు గుంతలో పడ్డప్పుడు తగులుతుంది.

గాలి సంగతి కూడా చెప్పాలి. డ్యామ్ కారు కిందకి పోయే గాలిని తగ్గిస్తుంది, దాని వెనక ఒత్తిడి పడిపోతుంది. దాంతో ముందు భాగం తేలడం తగ్గుతుంది, రేడియేటర్ గుండా గాలి కూడా బాగా లాగబడుతుంది. అయితే రేడియేటర్ చుట్టూ సందులు మూసినప్పుడే. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది. పక్కల, పైన అల్యూమినియం రేకో ఫోమ్ పట్టీలో పెట్టి సందులు మూయండి. డ్యామ్ పెట్టాక ఇంజిన్ వేడెక్కుతోందనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. బ్రేకులకి అంతకుముందు కిందనుంచి తగిలే గాలి కూడా ఆగిపోతుంది కాబట్టి డ్యామ్‌లో రెండు రంధ్రాలు పెట్టి 63 లేదా 75 మిల్లీమీటర్ల డక్ట్ గొట్టాలు లాగండి. గొట్టం కొస డిస్క్ మధ్య భాగం వైపు చూడాలి. డిస్క్ ఒక ముఖానికే గాలి కొడితే ఒకవైపే చల్లబడి డిస్క్ వంకరపోయే ప్రమాదం ఉంది.

ముందు డ్యామ్ పెట్టి వెనక ఏమీ పెట్టకపోతే వేగంగా తిరిగే మలుపుల్లో వెనక భాగం తేలిగ్గా అనిపిస్తుంది. పోర్షే 1972లో 911 ఎస్‌కి ముందు స్పాయిలర్ ఇచ్చి, 1973 కరెరా ఆర్ఎస్ 2.7 నాటికి వెనక డక్‌టెయిల్ (బాతు తోకలా పైకి లేచిన స్పాయిలర్) కూడా చేర్చింది. ముందూ వెనకా కలిపి ఆలోచించాల్సిన పని ఇది. మీరు 120 దాటి నడిపేవాళ్లైతే వెనక స్పాయిలర్ కూడా పెట్టి తీరాలంటాను.

ఇప్పుడు పెయింట్. డ్యామ్‌ని కొన్ని రోజులు ఎండలో కారుకి బిగించే ఉంచండి, కుంచించుకునేదేదో కుంచించుకుంటుంది, ఆకారం మారదు. విప్పాక ముందు సబ్బునీళ్లు, తర్వాత మైనం తీసే సాల్వెంట్. అచ్చు నుంచి వచ్చిన రిలీజ్ మైనాన్ని తుడవకుండా పేపర్ పడితే అది గీతల్లోకి దిగి, పెయింట్ మీద చేపకళ్లు, అంటే చిన్న చిన్న గుంటలు, లేస్తాయి. 320 పేపర్, ఎపాక్సీ ప్రైమర్, హై బిల్డ్ ప్రైమర్, 400 వాటర్ పేపర్, ఆ తర్వాతే రంగు. వంగే ప్లాస్టిక్ అయిన పాలీయురేథేన్ డ్యామ్ అయితే రంగు వంగినా పగలకుండా దానిలో ఫ్లెక్స్ కలపాలి. రోజూ నడిపే కారుకి నేనైతే ఫైబర్ కంటే పాలీయురేథేనే మేలంటాను. రేకులో కొత్తగా వేసిన ప్రతి రంధ్రానికీ ప్రైమర్, మైనం తప్పదు, తుప్పు అక్కడే మొదలవుతుంది.

లైట్లకి విడిగా ఎర్త్ వైర్ లాగడం మర్చిపోకండి. రేకు ద్వారా ఎర్త్ అందుకునే ఇండికేటర్ ఫైబర్‌లో కూర్చుంటే వెలగదు, చాలామంది బల్బు మారుస్తూ గంటలు పోగొట్టుకుంటారు.

కింది అంచుకి నేలకి కనీసం 110 మిల్లీమీటర్లు వదలండి. అంతకంటే కిందకి కావాలంటే విడిగా రబ్బరు పట్టీ నైలాన్ బోల్టులతో పెట్టండి. రాయి తగిలితే ఆ బోల్టులు తెగుతాయి, డ్యామ్ మిగులుతుంది. మొదటి 150 కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టుని ఒకసారి చూడండి. వదులైతే బిగించే ముందు వాషర్ కింద రెసిన్ తెల్లబడిందేమో చూడండి. తెల్లబడి ఉంటే బోల్టు జోలికి వెళ్లకుండా స్టే రాడ్ పొడవు సరిచేయండి.

ట్రాలీ జాకీ ఇక ముందునుంచి దూరదు. పక్క నుంచి ఎత్తే చోటు ఇప్పుడే చూసి పెట్టుకోండి.