గేమ్ ప్రాజెక్టు రిపోర్టులో ‘పరిశోధన’ అంటే ఏం రాయాలి?

ప్రశ్న: మాది విశాఖలో మధురవాడ. బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. నలుగురం కలిసి యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో వీడియో గేమ్ చేస్తున్నాం. మే నెల సెలవుల్లో తాతతో ఇంజిన్ బోటెక్కి వేటకెళ్లిన మనవడు, రాత్రిపూట డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వెలుగు చూసుకుంటూ ఫిషింగ్ హార్బర్‌కి తిరిగి రావడం కథ. ‘చేసిన పరిశోధన, నేర్చుకున్న నైపుణ్యాలు’ అనే అధ్యాయంలో చూసిన ట్యుటోరియల్స్, ఆడిన గేమ్స్, వాడిన సాఫ్ట్‌వేర్లు రాసిస్తే గైడ్ వెనక్కి పంపారు. మూడు వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది. పైగా డెమో రోజు ఫ్రెండ్ గేమింగ్ ల్యాప్‌టాప్‌లో బోటు అదుపు లేకుండా దూసుకుపోయి పరువు పోయింది. ‘గేమ్స్ బ్యాన్ చేశారు కదా, దీంతో ఉద్యోగమేం వస్తుంది’ అంటున్నారు నాన్న.

జవాబు: మీ గైడ్ వెనక్కి పంపడం మంచిదే అయిందమ్మా. మీరు రాసిన జాబితాలో మీరు కనిపించరు. పక్క బ్యాచ్ వాళ్లు పేర్లు మార్చి పెట్టుకున్నా చెల్లిపోతుంది. మొదట ఏమనుకున్నారు, తర్వాత ఏం తెలిసింది, దానివల్ల గేమ్‌లో ఏం మారింది? గైడ్ అడిగేది ఇదే, రేపు ఇంటర్వ్యూలో అడిగేదీ ఇదే.

మీ కథనే తీసుకుందాం. మే నెలలో తాత ఇంజిన్ బోటు మీద వేటకెళ్లాడన్నారు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజిన్ బోట్లన్నీ ఒడ్డునే ఉండిపోతాయి. ఇంజిన్ లేని తెప్పలకు మాత్రం మినహాయింపు. అంటే మీ కథలో నెలైనా మారాలి, బోటైనా మారాలి. నన్నడిగితే బోటునే మార్చమంటాను. తెప్ప పెట్టగానే ఆట తీరే మారిపోతుంది. బటన్ నొక్కి పట్టుకుంటే చాలదు. గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి, అల లేచే సమయం కనిపెట్టాలి, తెడ్డు వేసే లయ అందుకోవాలి. ఒక్క తేదీ తెలిసినందుకు గేమ్‌లో ఇంత కదిలింది చూడండి, దాన్నే పరిశోధన అంటారు. ఇది అరపేజీ రాయండి. మూడు వారాల్లో తెప్ప పెట్టడం కుదరదనుకుంటే కథను జనవరికి జరపండి, ఎందుకు కుదరలేదో కూడా రాయండి. అదీ లెక్కలోకే వస్తుంది.

ఆడిన గేమ్స్ ఆరు పేర్లు రాసేకన్నా ఒక్కదాన్ని నిదానంగా చూడటం మేలు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి తెర మీద ‘ఇలా ఆడాలి’ అని ఒక్క మాటా ఉండదు. బొమ్మ ఎడమవైపు నిలబడి ఉంటుంది, దారి కుడివైపు ఉంటుంది, చెయ్యి దానంతటదే అటు వెళ్తుంది. ఎదురుగా ఒక శత్రువు నడిచి వస్తుంది. దూకితే సరి, లేకపోతే ఒక ప్రాణం పోతుంది. అంతే, దూకడం వచ్చేస్తుంది. మీ గేమ్ మొదటి నిమిషంలో ఎన్ని సూచనలున్నాయో లెక్కపెట్టండి. ఒక్కొక్కటి తీసేసి చూడండి.

ఇక పరువు పోయిందన్న రోజు సంగతి. అది దాచుకునేది కాదమ్మా, మీ అధ్యాయానికి ప్రాణం. జరిగింది బహుశా ఇది. ఒక్కో ఫ్రేమ్‌కి, అంటే తెర మీద బొమ్మ కొత్తగా గీసిన ప్రతిసారీ, బోటు ఇంత జరగాలని కోడ్ రాసి ఉంటారు. 5 పిక్సెళ్లనుకుందాం. మీ ల్యాప్‌టాప్‌లో సెకనుకి 60 ఫ్రేములు వస్తే బోటు 300 పిక్సెళ్లు కదులుతుంది. ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో 144 వస్తే 720. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, వేగం మాత్రం రెండింతలు దాటింది. వేగాన్ని సెకనుకి ఇంత అని పెట్టుకుని, గత ఫ్రేమ్ నుంచి గడిచిన కాలంతో, అంటే డెల్టా టైమ్‌తో గుణిస్తే ఏ మెషీన్‌లోనైనా ఒకేలా నడుస్తుంది. ‘సీ షార్ప్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను’ అని ఎవరైనా రాస్తారు. మీరు మొదట దేన్ని అనుమానించారు, ఎన్ని గంటలు తప్పుదారిలో వెతికారు, ఎక్కడ దొరికింది, ఇవి రాయండి. మాక్ ఇంటర్వ్యూల్లో ‘ఏం చెడిపోయింది, ఎలా బాగుచేశారు’ అని అడుగుతాను. కొందరు పిల్లలు లేచి నిలబడి గాల్లో బొమ్మ గీసి మరీ చెబుతారు. వాళ్లని ఇంకేమీ అడగాలనిపించదు.

హాస్టల్లో గేమ్ గురించి తెలియని ఐదుగురిని కూర్చోబెట్టి ఆడించండి. మీరు వెనక కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. ‘అటు కాదు, ఇటు’ అనేశారంటే పరీక్ష చెడిపోయినట్టే. చెయ్యి ఎక్కడ ఆగింది, ముఖం ఎక్కడ చిట్లించారు, టైముతో సహా రాసుకోండి. నలుగురిలో ఏ పని మీదో, ఏది మీది కాదో కూడా దాపరికం లేకుండా రాయండి.

నాన్నగారికి చెప్పండి: 2025లో కేంద్రం తెచ్చిన చట్టం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని. మీరు చేస్తున్నది ఆ కోవలోకి రాదు. అయితే ఆయన బెంగ కొట్టిపారేసేది కాదు. గేమ్ స్టూడియో ఉద్యోగమంటే ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, పుణె వెళ్లాల్సిందే, ఫ్రెషర్లకి పోటీ కూడా గట్టిగానే ఉంటుంది. అందుకని మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకీ అప్లై చేస్తూ ఉండండి. తప్పు వెతికి పట్టుకునే అలవాటు అక్కడా పనికొస్తుంది. డిజైన్ వైపు మనసుంటే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎండిజైన్ అనే పీజీ కోర్సు ఉంది, దాని ప్రవేశ పరీక్ష వివరాలు చూడండి.

ముందు ఈ వారంలోనే ఒకరోజు పొద్దున్న ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. చేపల వేలం సద్దుమణిగాక వెళ్తే మాట్లాడే తీరిక ఉంటుంది. పెద్దవాళ్లెవరైనా కనిపిస్తే అడగండి: చీకట్లో లైట్‌హౌస్ వెలుగు కనిపించాక పడవని ఎటు తిప్పుతారు, మబ్బు కమ్మి అది కనిపించని రాత్రి దేన్ని చూసుకుని వస్తారు అని.