టీవీలో పేరు రాని కాలేజీ భద్రమైనదేనా?

ప్రశ్న: మాది ఉప్పల్. మా అమ్మాయికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలో సీటు రావచ్చు. కానీ పెద్ద క్యాంపస్‌లలో పిల్లలు చనిపోతున్నారని టీవీలో చూసి భయమేస్తోంది. శివారులో ఓ చిన్న ప్రైవేటు కాలేజీ గురించి ఎప్పుడూ అలాంటి మాట వినలేదు. కాలేజీలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో దాన్నే మొదట పెడదామంటున్నారు మావారు. పెట్టమంటారా? - ఓ తల్లి

జవాబు: అమ్మా, వార్త రాలేదంటే ఏమీ జరగలేదని కాదు. 2018 నుంచి కేంద్ర ఉన్నత విద్యాసంస్థల్లో 98 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని, వారిలో 39 మంది ఐఐటీల వాళ్లని 2023 జులైలో కేంద్రం రాజ్యసభకు చెప్పింది. సంస్థలవారీగా లెక్క ఉంది కాబట్టి సభలో అడిగారు, పేపర్లు రాశాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 ఒక్క ఏడాదికే చూపిన విద్యార్థుల ఆత్మహత్యలు 13,044. అందులో బడి పిల్లలూ ఉన్నారు. ఏ రాష్ట్రంలో ఎందరో ఆ నివేదిక చెబుతుంది గానీ, ఏ కాలేజీలో అన్నది చెప్పదు. శివారు కాలేజీల పిల్లలంతా ఆ అంకెలోనే కలిసిపోతారు.

పెద్ద క్యాంపస్‌లో విద్యార్థి సంఘాలుంటాయి. ఆ రాత్రే గేటు దగ్గర బైఠాయిస్తారు, కెమెరాలు వస్తాయి. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం గురించి దేశమంతా మాట్లాడుకుందంటే తోటి విద్యార్థులు పట్టు వదలకపోబట్టే. చిన్న కాలేజీలో ఆ బలం ఉండదు. ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉంటుంది, సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉంటాయి. నోరు విప్పితే అవి ఇవ్వరేమోనని పిల్లలు జంకుతారు. మర్నాడు లోపలి పేజీలో నాలుగు లైన్లు: ‘ఓ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థిని మృతి. కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు.’ కాలేజీ పేరు కూడా ఉండదు. ఆ కన్నవాళ్ల కడుపుకోత మాత్రం ఎవరిదానికీ తక్కువ కాదు.

అందుకే ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపు రెండు కాలేజీలకూ వెళ్లి రండి. అడ్మిషన్ల గదికి వెళ్లేముందు నోటీసు బోర్డు దగ్గర ఆగండి. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, మానసిక సాయం అందించే టెలీ-మానస్ 14416 నంబర్లు ఉన్నాయా? ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు ఈ ఏడాదివేనా? రెండేళ్ల కిందట మానేసిన లెక్చరర్ పేరు ఇంకా అక్కడ వేలాడుతుంటే ఆ కమిటీ సమావేశమే కావడం లేదని అర్థం.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఓ విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరుండాలి. ప్రైవేటు కాలేజీకీ ఇది వర్తిస్తుంది. ఆ మనిషి ఎవరు, ఏ రోజుల్లో వస్తారు, ఏ గదిలో కూర్చుంటారు అని అడగండి. ‘మా ఇంగ్లిష్ మేడమే చూసుకుంటారు’ అన్నారంటే లేనట్టే. ఉన్నా, ఆ గది విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గదికి ఎదురుగా ఉంటే పిల్లలు గుమ్మం తొక్కరు.

హాస్టల్లో వేయాల్సి వస్తే ఇంకా జాగ్రత్త పడాలి. శివారు కాలేజీల చుట్టూ వేరేవాళ్లు నడిపే హాస్టళ్లు చాలా ఉంటాయి. బస్సు కాలేజీదే అయినా, ఏదైనా జరిగినప్పుడు ‘అది మా ప్రాంగణం కాదు’ అనేస్తారు. ఫీజు రసీదు ఎవరి పేరుమీద ఇస్తున్నారో చూడండి. వార్డెన్ రాత్రి అక్కడే ఉంటారా, అర్ధరాత్రి జ్వరమొస్తే ఆస్పత్రికి బండి ఉందా అన్నవి సెకండియర్ అమ్మాయిలను అడగండి, వార్డెన్‌ను కాదు.

చేరేటప్పుడు టీసీ మినహా మిగతా ఒరిజినల్స్ చూపించి, జిరాక్సులు ఇచ్చి రండి. వాటిని అట్టిపెట్టుకోకూడదన్నది యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ నిబంధనే. హాజరు సంగతీ అడగండి. జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్ సాంకేతిక విశ్వవిద్యాలయం) పరిధిలో 75 శాతం కావాలి, 65కు తగ్గితే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. ఇంటికి ఆ కబురు నెలనెలా పంపుతారా, సెమిస్టర్ చివర్లోనా? ఒక్కసారిగా తెలిస్తే పిల్లలు కుంగిపోతారు.

ఇవే ప్రశ్నలు క్యాంపస్ కాలేజీలోనూ అడగండి. అక్కడ జరిగిన ఘటన బయటికొచ్చింది కాబట్టి, ఆ తర్వాత ఏం మార్చారో నిలదీసే వీలుంది. చిన్న కాలేజీ వీటికి నేరుగా జవాబిస్తే నిశ్చింతగా మొదట పెట్టండి. ‘మా దగ్గర అలాంటివి జరగవమ్మా’ అని మాట దాటేస్తే మాత్రం కిందికి జరపండి. ఇక, అమ్మాయికి ఏది ఇష్టమో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆప్షన్లు పెట్టేటప్పుడు తనను పక్కన కూర్చోబెట్టుకోండి.