ఎంత పరిగెత్తించినా అలసిపోని కుక్కతో ఎలా వేగాలి?

దత్తత తెచ్చుకున్న పది నెలల వీధికుక్క ఇంట్లో చెప్పులు, సోఫా కొరికేస్తోందని, బెల్టు కడితే మిమ్మల్నే ఈడ్చుకెళ్తోందని, తిరిగి ఇచ్చేయాలా అని అడిగారు. ఇవ్వకండి. కనీసం మూడు నెలలు ఓపిక పట్టండి.

మా బెల్లం మాకు దొరికేసరికి వాడికి ఎనిమిది నెలలు. చెవులు చూసి పక్కింటావిడ లాబ్రడార్ అంటుంది, తోక చూసి వాచ్‌మన్ ఒప్పుకోడు. ఉప్పల్‌లో మూడో అంతస్తు, రెండు గదుల ఇల్లు. మొదటి వారంలోనే రెండు దిండ్లు, టీవీ రిమోటు, మావారి ఆఫీసు బూటు ఒకటి అయిపోయాయి.

నేను చేసిన పెద్ద తప్పు బంతి. రోజూ సాయంత్రం డాబా మీద గంటసేపు విసిరేదాన్ని. రొప్పుతూ కిందికొచ్చి, నీళ్ళు తాగి, ఇరవై నిమిషాల్లో మళ్ళీ సోఫా మీద పడేవాడు. గంట చాలట్లేదని గంటన్నర చేశాను. వాణ్ణి అలసిపోయేలా చేస్తున్నాననుకున్నాను గానీ, నిజానికి వాడి దమ్ము పెంచుతున్నాను!

మార్పు వచ్చింది ముక్కుకి పని పెట్టాకే. నవారుతో ఐదు మీటర్ల తాడు కుట్టించాను. పొద్దున్నే ఐదున్నరకి తీసుకెళ్ళి, ప్రతి స్తంభం, ప్రతి చెట్టు మొదలు వాడికి తృప్తి తీరేదాకా వాసన చూడనిస్తాను. నలభై నిమిషాల్లో మేం అర కిలోమీటరు కూడా నడవం, అయినా ఇంటికొచ్చి పడుకుంటాడు. (ఎండాకాలంలో ఇంకా ముందే వెళ్ళాలి. రోడ్డు మీద మీ చేయి పెట్టలేనంత వేడుంటే వాడి కాళ్ళూ కాలతాయి.) తిండి కూడా గిన్నెలో పెట్టడం మానేశాను. పాత తువ్వాల్లో వాడి తిండి గింజలు చల్లి చుట్టేస్తే, విప్పుకుని ఏరుకోవడానికి పావుగంట. తాగేసిన కొబ్బరిబొండం ఇస్తే ఇంకో అరగంట. పీచు మింగుతున్నాడేమో చూస్తూ ఉండాలి, మింగితే లాక్కోవాలి.

నిద్ర సంగతి ఎవరూ చెప్పరు. ఈ వయసు కుక్కలు రోజులో ఎక్కువ భాగం పడుకోవాలి. నిద్ర చాలని పసిపిల్లాడు పేచీ పెట్టినట్టే ఇవీ రేగిపోతాయి. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా మంచం పక్క మూల వాడిది. పరదా వేసి ఉంటుంది, అటు ఎవరూ వెళ్ళం.

లాగడానికి మందు ఒకటే. లాగిన క్షణం రాయిలా నిలబడిపోవాలి, తాడు వదులైతేనే అడుగెయ్యాలి. మొదటిరోజు గేటు నుంచి కిరాణా కొట్టుకి ముప్పావుగంట పట్టింది. జనం నన్నే వింతగా చూశారు. అంతకుముందు ఒక ట్రైనర్ మెడ బిగిసే గొలుసు వేయించాడు. మూడు రోజుల్లో గొలుసు చప్పుడు వింటే మంచం కింద దూరడం నేర్చుకున్నాడు, లాగడం మాత్రం మానలేదు. దాన్ని తీసేసి ఛాతీకి కట్టే హార్నెస్ కొన్నాను.

ఇంట్లోవాళ్ళకీ ట్రైనింగ్ కావాలి. నేను 'కూర్చో' అంటే, మా అమ్మ 'కూకో' అనేది, మావారు 'సిట్' అనేవారు. వాడు ముగ్గురినీ చూసి తోక ఊపేవాడు, అంతే. 'కూర్చో' ఒక్కటే అని ఒప్పందం చేసుకున్నాక నాలుగు రోజుల్లో వచ్చేసింది. లంచం ఉడికించిన చికెన్ లివర్, గోరంత ముక్కలు. అమ్మ చాటుగా పెట్టే సాంబారన్నం ఆపడమే కష్టమైంది. ఉల్లిపాయ కుక్కలకి విషమని డాక్టరు చెబితే గానీ నమ్మలేదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా అంతే.

అపార్ట్‌మెంట్ వాళ్ళతో గొడవ వస్తే టెన్షన్ పడకండి. కుక్కల్ని పెంచుకోవద్దని, లిఫ్టు ఎక్కించొద్దని అసోసియేషన్ నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీరు మాత్రం యాంటీ రేబిస్ టీకా కార్డు దగ్గర పెట్టుకోండి, రోడ్డు మీద చేసింది ఎత్తెయ్యండి. మా సెక్రటరీ నోరు మూయించింది నా వాదన కాదు, చేతిలో కవరే.

ఒక్క జాగ్రత్త. ఇంతకాలం లేనిది ఉన్నట్టుండి గుర్రుమన్నా, తాకితే కరవబోయినా అది అల్లరి కాదు. నొప్పి ఉండొచ్చు, పిడుదుల జ్వరం ఉండొచ్చు. ముందు డాక్టరుకి చూపించండి.

బెల్లానికి ఇప్పుడు మూడేళ్ళు. సోఫా జోలికి పోడు. మావారి ఎడమకాలి చెప్పు మాత్రం ఇప్పటికీ బీరువా పైనే ఉంటుంది.