యూజర్ అకౌంట్లు తెరవడం గుమాస్తా పనేనా?

ప్రశ్న: డిగ్రీ అయ్యాక ఒక కార్యాలయంలో ఐటీ సపోర్ట్ ఉద్యోగంలో చేరాను. ఏడాదిగా యూజర్ అకౌంట్లు తెరవడం, మరచిపోయిన పాస్‌వర్డులు మార్చడం, గ్రూపుల్లో పేర్లు చేర్చడం, ఇదే పని. గుమాస్తాగిరీలా ఉంది. మానేసి క్లౌడ్ కోర్సులో చేరమంటారా?

జవాబు: కోర్సులో చేరండి, ఉద్యోగం మాత్రం మానకండి. మీకు విసుగు పుట్టిస్తున్న ఈ పనినే అక్కడ ఫీజు కట్టి నేర్చుకోవలసి వస్తుంది. ఎవరు లోపలికి రావాలి, వచ్చాక దేన్ని ముట్టుకోవచ్చు అన్నదే క్లౌడ్‌లోనూ మొదటి పాఠం. విండోస్ 2000 సర్వర్‌తో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీలో (కార్యాలయంలోని అకౌంట్లన్నిటినీ ఒకేచోట ఉంచే వ్యవస్థ) ఉన్న యూజర్లు, గ్రూపులు ఇప్పటి క్లౌడ్ సేవల్లోనూ ఉన్నాయి. తన క్లౌడ్‌లో ఇదే పని చేసే అజూర్ యాక్టివ్ డైరెక్టరీకి మైక్రోసాఫ్ట్ 2023లో ఎంట్రా ఐడీ అని పేరు మార్చింది. మారింది పేరే.

అకౌంటు తెరవడం ఐదు నిమిషాల పని, ఒప్పుకుంటాను. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించారా? రేపు మీ సర్వర్‌లో ఒక పాత షేర్డ్ ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి సెక్యూరిటీ ట్యాబ్ చూడండి. గ్రూపుల పేర్ల మధ్య ఎస్-1-5-21 అంటూ మొదలయ్యే పొడవాటి అంకెల వరుస కనిపించిందంటే, ఎవరో ఒకప్పుడు ఒక ఉద్యోగికి నేరుగా అనుమతి ఇచ్చారని, తర్వాత ఆ అకౌంటును తీసేశారని దాదాపుగా చెప్పవచ్చు. విండోస్ మనిషిని పేరుతో గుర్తుపెట్టుకోదు, ఆ అంకెతో గుర్తుపెట్టుకుంటుంది. అందుకే రాజీనామా చేసిన వ్యక్తి నెల తర్వాత తిరిగి వస్తే, మీరు అదే పేరుతో కొత్త అకౌంటు తెరిచినా అతని పాత ఫోల్డర్లు తెరుచుకోవు. వెళ్లిపోయినవారి అకౌంటును వెంటనే తొలగించకుండా ముందు డిజేబుల్ చేయమనేది ఇందుకే.

అనుమతులు మనుషులకు కాకుండా గ్రూపులకు ఇవ్వాలన్న సూత్రం మీకు తెలిసే ఉంటుంది. పాటించడం దగ్గరే అందరూ జారిపోతారు. అకౌంట్స్ విభాగం నుంచి ఒకరు సేల్స్‌కు మారారు. సేల్స్ గ్రూపులో చేర్చమని మెయిల్ వస్తుంది, మీరు చేరుస్తారు. అకౌంట్స్ గ్రూపు నుంచి తీసేయమని ఎవరూ మెయిల్ పెట్టరు! ఇలా రెండు మూడు బదిలీలు అయ్యాక ఆ ఉద్యోగి దగ్గర సగం కార్యాలయం తాళాలు ఉంటాయి. ఆడిట్‌కు వచ్చినవారు మొదట వెతికేది ఇలాంటివారినే. ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో విండోస్‌లో కమాండ్లు రాసే పవర్‌షెల్‌తో జాబితా తీసి, ఆయా విభాగాధిపతులకు చూపించి, 'వీరికి ఇది ఇంకా అవసరమా?' అని అడగండి. మీ పై అధికారి అనుమతి తీసుకునే సుమా. ఏడాది అనుభవం అని రెజ్యూమెలో రాసుకోవడం కన్నా ఈ ఒక్క పని గురించి ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడగలగడం మేలు.

లినక్స్ రాకపోతే అదీ పట్టండి. అక్కడ ఒక గొయ్యి ఉంది. యూజర్‌మాడ్ కమాండుతో ఒకరిని కొత్త గ్రూపులో చేర్చేటప్పుడు పెద్ద అక్షరం 'జీ' ముందు చిన్న అక్షరం 'ఏ' పెట్టడం మరచిపోతే, ఆ వ్యక్తి కొత్త గ్రూపులో చేరతాడు, అంతకుముందున్న అదనపు గ్రూపులన్నిటి నుంచీ ఊడిపోతాడు. అడ్మినిస్ట్రేటర్ హక్కులిచ్చే సుడో గ్రూపు కూడా అందులోనే పోయిందంటే ఆ రోజు మీకు నిద్ర ఉండదు.

ఇవన్నీ కార్యాలయం సర్వర్ మీద ప్రయోగించకండి. విండోస్ సర్వర్‌ను 180 రోజులు ఉచితంగా వాడి చూసుకోవచ్చు, మీ కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌కూ డబ్బు కట్టనక్కరలేదు. ఇంట్లో ఒక డొమైన్ (యాక్టివ్ డైరెక్టరీ నడిపే నెట్‌వర్క్) పెట్టి, ఊహాజనితంగా ఇరవై మంది ఉద్యోగులను చేర్చి, బదిలీ చేసి, ఇంటికి పంపండి. గ్రూపులో చేర్చిన వెంటనే ఫోల్డర్ ఎందుకు తెరుచుకోదో, లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అయితే ఎందుకు తెరుచుకుంటుందో అక్కడే తేల్చుకోండి. అకౌంట్లను విభాగాలవారీగా సర్దిపెట్టే ఆర్గనైజేషనల్ యూనిట్‌కూ గ్రూపుకూ తేడా ఏమిటో కూడా. ఫోల్డర్ మీద అనుమతి గ్రూపుకే ఇవ్వగలం, యూనిట్‌కు ఇవ్వలేం. ఇంటర్వ్యూల్లో చాలామంది తడబడే చోటు ఇదే.

ఇంకొకటి అడగాలి. అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న అకౌంటుతోనే మీరు రోజూ మెయిల్ చూసుకుంటున్నారా? అలాగైతే కోర్సు సంగతి తర్వాత, రేపు పొద్దున్నే మీకోసం ఒక మామూలు అకౌంటు తెరుచుకోండి.