సైకిల్ రేసులో నాన్నకు నీళ్లు ఎంత ఇవ్వాలి?

గంటల తరబడి సాగే మౌంటెన్ బైక్ రేసులో నాన్నకు దాహమైనంత మేరకే నీళ్లివ్వాలి, ఎదురుపడినప్పుడల్లా బలవంతంగా తాగించకూడదు. చెమటతో నీళ్లే కాదు, ఉప్పూ పోతుంది. ఆపైన వట్టి నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి రావచ్చు.

ఉదాహరణకు, తిరుపతి నుంచి తలకోన వైపు మట్టిదారుల్లో ఐదారు గంటలు, బాటిల్ మీద బాటిల్ తాగుతూ తొక్కారనుకోండి. వేళ్లు ఉబ్బి వాచీ పట్టీ బిగుసుకుంటుంది, తలనొప్పి, వాంతులు. చాలామంది ‘ఒంట్లో నీళ్లు తగ్గాయి’ అనుకుని ఇంకో బాటిల్ పట్టిస్తారు. అదే పెద్ద పొరపాటు! నీళ్లు ఆపి, నీడకు చేర్చి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మాట తడబడితే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఓఆర్‌ఎస్ మంచిదే. కానీ అదీ అతిగా పట్టిస్తే ఈ ముప్పు తప్పదు.