ఆ వ్యాసం తీసెయ్యకు

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ ఉత్తరం సోమవారం అందింది. వ్యాసాల పుస్తకం పని మొదలుపెట్టావని చదివి చాలా సంతోషించాను. అయితే చివర్లో నువ్వడిగిన ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు. "మాస్టారూ, మూడేళ్ళ కిందట ఆ చిత్రకారుణ్ణి ఆకాశానికెత్తాను. ఇప్పుడా బొమ్మలు చూస్తే నాకేమీ అనిపించడం లేదు. ఆ వ్యాసం పుస్తకంలోంచి తీసేద్దామా?" అన్నావు.

నీకు పీటర్ ఫుల్లర్ సంగతి చెప్పాలి. బ్రిటిష్ కళావిమర్శకుడు. 1947లో డమాస్కస్‌లో పుట్టాడు, కేంబ్రిడ్జిలో చదివాడు, 1990లో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి 42 ఏళ్ళు. ఆ కొద్ది కాలంలోనే తన నమ్మకాలన్నిటినీ అందరూ చూస్తుండగా ఒక్కొక్కటిగా విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

కుర్రతనంలో ఆయన మార్క్సిస్టు. జాన్ బెర్జర్ అనే ఇంగ్లిష్ కళావిమర్శకుడు ఆయనకు గురువులాంటివాడు. బొమ్మ వెనక ఆస్తి, అధికారం ఎలా దాగుంటాయో బెర్జర్ 1972లో బీబీసీ కార్యక్రమంలో చూపిస్తే ఒక తరమంతా కళ్ళు తెరిచింది. ఫుల్లర్ కూడా ఆ చూపుతోనే రాశాడు. రాస్తూ రాస్తూ ఉండగా ఒక అనుమానం పట్టుకుంది. 'వీనస్ డి మైలో' అనే ప్రాచీన గ్రీకు శిల్పాన్ని చెక్కించిన సమాజం ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. ఆ శిల్పానికి చేతులు కూడా లేవు. అయినా ఇవాళ్టి మనిషి దాని ముందు ఎందుకు ఆగిపోతున్నాడు? వర్గం, ఆస్తి అన్న మాటలతో దీనికి జవాబు దొరకలేదు. మనోవిశ్లేషణలో వెతికాడు, బిడ్డ తల్లి నుంచి విడివడే తొలి రోజుల దాకా వెళ్ళాడు. 1980లో అదంతా పుస్తకంగా వేశాడు. అదే ఏడాది బెర్జర్ మీద చిన్న పుస్తకం రాసి, తను ఎక్కడ రుణపడ్డాడో, ఎక్కడ విడిపోతున్నాడో చెప్పాడు. 1988లో మళ్ళీ బెర్జర్ మీదే మరో పుస్తకం తెచ్చాడు, ఈసారి బాగా ఘాటుగా.

ఈ మధ్యలోనే పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ కళావిమర్శకుడు రస్కిన్ దగ్గరికి చేరాడు. మనకు రస్కిన్ అంటే గాంధీగారి సర్వోదయమే గుర్తొస్తుంది. ఫుల్లర్‌ని పట్టుకున్నది మాత్రం ఆకునీ, రాయినీ, మబ్బునీ గంటల తరబడి చూసిన రస్కిన్. ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ చిత్రాలను సమర్థిస్తూ రస్కిన్ 1843లో మొదలుపెట్టిన గ్రంథం పేరే 1988లో తన పత్రికకు పెట్టుకున్నాడు: 'మోడర్న్ పెయింటర్స్'. ఒకప్పుడు వామపక్ష పత్రికల్లో రాసినవాడు చివరికి మితవాద పత్రిక సండే టెలిగ్రాఫ్‌లో కళావిమర్శకుడయ్యాడు. ఆ చివరి రోజుల్లో ఇంగ్లిష్ నేల, ఇంగ్లిష్ సంప్రదాయం అంటూ గిరి గీసుకోవడం నాకు నచ్చదు. అక్కడ ఆయన చూపు ఇరుకైందనే అనుకుంటాను.

ఆయన నుంచి నేను నేర్చుకున్నది ఇటుకల దగ్గర. కార్ల్ ఆండ్రే అనే అమెరికన్ శిల్పి 120 కొలిమి ఇటుకలను రెండు వరసల ఎత్తున నేల మీద పేర్చాడు. సున్నం లేదు, సిమెంటు లేదు. లండన్‌లోని టేట్ గ్యాలరీ దాన్ని 1972లో కొన్నది. 1976లో పత్రికలు జనం సొమ్ము తగలేశారని గగ్గోలు పెట్టాయి. అలాంటి కళ ఫుల్లర్‌కి ససేమిరా పడదు. అయినా ఆండ్రే ఎదురుగా కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న అడిగాడు. ఆ జవాబులు 1978లో అచ్చయ్యాయి. తనకు గిట్టని మనిషి మాటకు అంత చోటివ్వడం చూసి నాకు సిగ్గేసింది.

ఎందుకంటే నీ వయసులో నేను ఒక ప్రదర్శన చూడకుండానే, వాళ్ళు పంపిన చిన్న పుస్తకం చూసి సమీక్ష రాశాను. "రక్తంలా పరుచుకున్న ఎరుపు" అని ఒక పేరా నిండా. పది రోజులకు ఆ చిత్రకారుడు ఇంటికొచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను. "అయ్యా, ఆ బొమ్మలో ఎరుపు లేదండీ. జేగురు రంగు. అచ్చులో అలా వచ్చింది" అన్నాడు. ఆయన వేలి గోరు అంచున ఆ జేగురు ఇంకా ఉంది. నేను సవరణ వేయలేదు. ఆయన ఇప్పుడు లేరు.

అందుకే చెప్తున్నా. నీ వ్యాసాన్ని ఒక్క అక్షరం మార్చకుండా, కింద తేదీతో ఉంచు. ఆ బొమ్మలు ఇప్పుడు ఎక్కడున్నాయో కనుక్కుని మళ్ళీ వెళ్ళు. ఒక పూటంతా వాటి దగ్గర గడుపు. చిత్రకారుడు మాట్లాడతానంటే మాట్లాడి, తర్వాత రెండో వ్యాసం రాయి. అప్పుడు నిన్ను కదిలించింది బొమ్మలో ఉందా, ఆ రోజు నీలో ఉందా అన్నది తేల్చుకో. రెండూ పక్కపక్కనే అచ్చెయ్యి.

రెండోది నాకు ముందుగా పంపు. ముందుమాట అది చదివాకే రాస్తాను.

మీ మాస్టారు