ఒప్పందంలో తప్పు దొర్లింది, చెప్పాలంటే భయం

ప్రశ్న: కార్పొరేట్ న్యాయ సంస్థలో జూనియర్‌గా చేరి ఏడు నెలలైంది. నా డ్రాఫ్టులన్నీ సీనియర్ దగ్గరి నుంచి ఎర్రగీతలతో తిరిగొస్తున్నాయి. పోయిన వారం అవతలి పక్షానికి పంపిన ఒప్పందంలో నేను చేసిన తప్పు నిన్న కంటబడింది. మధ్యలో కొత్త క్లాజు చేరడంతో నష్టపరిహార పరిమితి గురించిన 8.2 కాస్తా 9.2 అయింది. వేరేచోట దాని ప్రస్తావన మాత్రం 8.2గానే ఉండిపోయింది. సంతకాలు ఇంకా కాలేదు. ఎవరికీ చెప్పలేదు. మావారితో మాట్లాడటం కూడా తగ్గించేశాను. ఉద్యోగం మానేయాలనిపిస్తోంది.

జవాబు: ఎర్రగీతల సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఆ 8.2 సంగతి తేల్చండి.

సంతకాలకు ముందు అది ఒక్క అంకె దిద్దుబాటు. ఆ తర్వాతైతే ఇరుపక్షాలూ ఒప్పుకుని సవరణ పత్రం రాసుకోవాలి, అవతలివారికి ఆ పొరపాటే లాభమైతే ఎందుకు ఒప్పుకుంటారు? అందుకని రేపు ఉదయమే సీనియర్ దగ్గరకు వెళ్లండి. సరిచేసిన పేజీ చేతిలో ఉండాలి. మిగతా క్లాజు నంబర్లన్నీ మళ్లీ సరిచూసుకుని మరీ వెళ్లండి, ఆయన అడిగే మొదటి ప్రశ్న అదే. క్షమాపణ ఒక్కసారి చాలు. చిరాకు పడతారేమో, పడనివ్వండి. ఆయనకు తెలియకుండా అవతలివారికి కొత్త ప్రతి పంపే సాహసం మాత్రం చేయకండి.

ఇక ఎర్రగీతలు. ఏడు నెలల జూనియర్ డ్రాఫ్టు శుభ్రంగా తిరిగొస్తే అసలు చదివారా అని నేనైతే అనుమానిస్తాను. వాటిలో సగం ఆయన రాతతీరు, వదిలేయండి. నిర్వచించిన పదాన్ని ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా వాడటం లాంటివి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒకే తప్పు మూడోసారి అందులోకి ఎక్కితే అప్పుడు బెంగపడండి.

మీవారి విషయానికి వద్దాం. ఏ క్లయింటు పనికి ఎంతసేపు పట్టిందో ఆరేసి నిమిషాల చొప్పున టైమ్‌షీటులో లెక్క రాసి ఇంటికొచ్చిన మనిషికి "ఈరోజు ఏం చేశావు?" అన్న మాట కూడా లెక్క అడిగినట్టే వినిపిస్తుంది. క్లయింటు పేరు, ఒప్పందం వివరాలు ఆయనకు చెప్పకూడదు, నిజమే. కానీ "పనిలో ఒక తప్పు చేశాను, భయంగా ఉంది" అన్న మాటలో ఏ క్లయింటు రహస్యం ఉంది? ఈ రాత్రే ఆ మాట చెప్పండి.

రాజీనామా ఇచ్చినా ఆ 8.2 అక్కడే ఉంటుంది. దాన్ని సరిచేశాక నెల రోజులు పనిచేసి చూడండి. అప్పటికీ మానేయాలనే అనిపిస్తే మళ్లీ రాయండి.